ఓనరు ఉండే ఇంటికే ఆ పర్మిట్ ఇవ్వాలి

2019 నవంబరు 5న అమెరికాలో న్యూయార్క్‌కి నది ఇవతలున్న జెర్సీ సిటీలో ఒక ప్రశ్న మీద ఓటింగు జరిగింది. ఇళ్లనీ ఫ్లాట్లనీ రోజుల లెక్కన అద్దెకివ్వడం మీద సిటీ కౌన్సిల్ పెట్టిన కొత్త షరతులు ఉండాలా, పోవాలా అన్నదే ఆ ప్రశ్న. ఒక ఊరి మునిసిపల్ నిబంధనని పోగొట్టడానికి, ఇలాంటి అద్దెల బుకింగులు నడిపే వెబ్‌సైటు ఎయిర్‌బీఎన్‌బీ 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. అవతలివైపు హోటల్ కార్మికుల యూనియన్ 10 లక్షల డాలర్లకు పైగా పెట్టింది. టీవీలో ప్రకటనలు, పోస్టులో రంగురంగుల కాగితాలు, తలుపు తట్టే వలంటీర్లు. చివరికి దాదాపు 70 శాతం మంది షరతులు ఉండాల్సిందే అని ఓటేశారు.

ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ రోజు ఓటు లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లం, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవాళ్లం. కానీ ఆ నిర్ణయం మా అద్దెల్ని, మా బిల్డింగుల్ని, మాలో కొందరి పెట్టుబడుల్ని నేరుగా తాకింది. అప్పటినుంచీ ఈ విషయాన్ని పట్టించుకుంటూ వస్తున్నాను. ఇన్నేళ్ల తర్వాత నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే: రోజువారీ అద్దెకి సిటీ లైసెన్స్ ఇవ్వాలి, కానీ ఆ ఇంట్లో రాత్రి పడుకునే మనిషి ఒకరున్నప్పుడే ఇవ్వాలి. ఆ లైసెన్స్ నంబరు సరిచూడకుండా బుకింగు తీసుకునే హక్కు వెబ్‌సైటుకి ఉండకూడదు. ఈ రెండూ లేకపోతే ఎన్ని పేజీల నిబంధనలు రాసినా కాగితం దండగే.

జెర్సీ సిటీకే ఈ తలనొప్పి ఎందుకొచ్చిందో చూస్తే అర్థం తేలిగ్గానే అవుతుంది. గ్రోవ్ స్ట్రీట్‌లోనో ఎక్స్ఛేంజ్ ప్లేస్‌లోనో పాత్ ట్రైన్ ఎక్కితే నది దాటి కొద్ది నిమిషాల్లో మన్‌హాటన్‌లో ఉంటాం. న్యూయార్క్ రాష్ట్రం 2010లోనే చట్టం మార్చి, మామూలు అపార్ట్‌మెంట్లని 30 రోజులకంటే తక్కువకి అద్దెకివ్వాలంటే అక్కడుండే మనిషి కూడా ఇంట్లో ఉండాలని చెప్పింది. అమలు అంతంతమాత్రమే అయినా భయమైతే పుట్టింది. నదికి ఇవతల ఆ భయం లేదు. పైగా 2015లో మేయర్ స్టీవెన్ ఫులప్ ఆధ్వర్యంలో జెర్సీ సిటీ దీన్ని చట్టబద్ధం చేసి, హోటళ్లకి వేసే 6 శాతం పన్నునే వీటికీ వేసింది. ఖజానాకి డబ్బు, ఊరికి టూరిస్టులు, ఇంటి ఓనర్లకి నాలుగు డాలర్లు. ఆలోచన చెడ్డదేం కాదు. సిటీ ఊహించింది ఖాళీ గది అద్దెకిచ్చుకునే కుటుంబాన్ని. వచ్చింది మాత్రం ఒకేసారి పది, ఇరవై ఫ్లాట్లు లీజుకి తీసుకుని హోటల్లా నడిపే కంపెనీలు. నాలుగేళ్లు తిరక్కుండానే అదే మేయరు షరతులు బిగించాల్సొచ్చింది.

2019 జూన్‌లో కౌన్సిల్ చేసిన ఆర్డినెన్సు సారాంశం ఇది. అద్దెకున్నవాళ్లు తమ ఫ్లాటుని ఇలా తిరిగి అద్దెకివ్వకూడదు. నాలుగు యూనిట్లు దాటిన బిల్డింగుల్లో ఓనరు అక్కడే ఉంటే తప్ప కుదరదు. ఓనరు లేకుండా ఇచ్చేచోట ఏడాదికి 60 రాత్రులు దాటకూడదు. పర్మిట్ తీసుకోవాలి. దీన్ని ఆపమని సంతకాలు సేకరించబట్టే విషయం ప్రజల ఓటుదాకా వెళ్లింది.

అప్పట్లో మేం జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్లం. న్యూవార్క్ అవెన్యూలో మన కిరాణా షాపులకి నడిచి వెళ్లేంత దూరం. పాప పుట్టాక అమ్మ ఆర్నెల్లకని వచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా నెల తిరిగేసరికి ఆ ఫ్లోరులో అందరూ ఆవిడకి తెలుసు. ఎదురింట్లో ఈజిప్టు నుంచి వచ్చిన పెద్దావిడ, చివరి ఫ్లాటులో ఫిలిప్పీన్స్ నర్సు, లిఫ్టు పక్కన చదువుకునే కుర్రాళ్లు. ఒకరి భాష ఒకరికి రాకుండానే గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. మధ్యాహ్నం పాప ఏడిస్తే ఆ ఈజిప్టు ఆవిడ తలుపు తట్టి ఎత్తుకునేది.

తర్వాత మా ఫ్లోరులోనే రెండు ఫ్లాట్లు రోజువారీ అద్దెలోకి వెళ్లిపోయాయి. బయట రెయిలింగుకి నంబర్ల తాళమున్న డబ్బాలు వేలాడదీశారు, లోపల తాళంచెవులు. మూడురోజులకోసారి కొత్త ముఖాలు. రాత్రి రెండింటికి మా బజర్ మోగేది, ఎవరో ఫ్లాటు నంబరు తప్పు నొక్కి. రీసైక్లింగ్ రోజేదో తెలియని వాళ్లు చెత్త సంచుల్ని మెట్ల దగ్గరే వదిలేవారు. మెయిన్ డోరు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి వెళ్లినవాళ్లున్నారు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. చాలామంది న్యూయార్క్ చూద్దామని పిల్లలతో వచ్చిన మామూలు మనుషులే. కానీ వాళ్లకి మా బిల్డింగుతో మూడు రాత్రుల సంబంధం. ఏదైనా జరిగితే అడగడానికి ఎవరూ లేరు. ఆ ఫ్లాట్లని లీజుకి తీసుకున్న కంపెనీకి మెయిల్ పెడితే జవాబు రాదు, బిల్డింగు మేనేజ్‌మెంటుని అడిగితే అద్దె సరిగ్గా వస్తోంది కదా అన్నారు. అమ్మ పగలు పాపని ఎత్తుకుని కారిడార్‌లో తిరగడం మానేసింది. ఎవరు ఎవరో తెలియడం లేదురా అంది. ఆ రెండు నెలలూ ఆఫీసులో కూర్చున్నా నా టెన్షన్ అంతా ఇంటిమీదే.

ఇది చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్లుంటారు. నాకది చిన్నదిగా కనిపించదు. దేశం కాని దేశంలో, అయినవాళ్లు పక్కన లేనిచోట, ఇరుగుపొరుగు తెలిసి ఉండడమే మనకున్న ధైర్యం. ఒక ఫ్లోరులో సగం తలుపుల వెనక ఎవరూ నిలకడగా లేకపోతే ఆ ధైర్యం పోతుంది. దాన్ని ఎవరూ డాలర్లలో లెక్కకట్టరు గనక నిబంధనల గురించి వాదించేటప్పుడు అది లెక్కలోకే రాదు.

దీనికి పూర్తిగా వేరే ఉదాహరణ కూడా నాకు తెలుసు. జెర్సీ సిటీలోనే హైట్స్ అనే పేటలో మాకు తెలిసిన తెలుగు దంపతులున్నారు, రిటైరైనవాళ్లు. టూ ఫ్యామిలీ ఇల్లు, పైన వాళ్లుంటారు, కింద రెండు గదులు గెస్టులకిస్తారు. ఆంటీ పొద్దున్నే కాఫీ పెట్టి పిలుస్తుంది. ఎవరైనా రాత్రి గోల చేస్తే అంకుల్ కిందకి దిగి వెళ్తారు. పక్కింటివాళ్ల ఫోన్ నంబర్లు వాళ్ల దగ్గరుంటాయి, వాళ్ల నంబరు పక్కింటివాళ్ల దగ్గరుంటుంది. ప్రాపర్టీ ట్యాక్సు పెరిగినప్పుడు ఆ ఇల్లు అమ్ముకోకుండా నిలబెట్టింది ఆ రెండు గదులే. వెబ్‌సైటులో చూస్తే వీళ్ల గదులూ, మా బిల్డింగులోని కంపెనీ ఫ్లాట్లూ ఒకేరకం ఫొటోలతో పక్కపక్కనే కనిపిస్తాయి. చట్టానికి మాత్రం ఈ రెండూ వేరని తెలియాలి. వేరు చేసే గీత గదుల సంఖ్య కాదు, ఇంటి విలువ కాదు. బాధ్యత పడే మనిషి అక్కడ ఉన్నారా లేదా అన్నదే.

ఈ గీత కొత్తదేమీ కాదు. మన దేశంలో పర్యాటక శాఖ నడిపే ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో కూడా ఓనరు కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరు దాటకూడదు. ఇంట్లో చుట్టాన్ని పెట్టుకున్నట్టు గెస్టుని పెట్టుకోవడం అనే ఆలోచనలోంచే హోమ్‌స్టే పుట్టింది. ఓనరు లేని హోమ్‌స్టే హోటలే, హోటలైతే హోటల్ నిబంధనలే ఉండాలి: ఫైర్ ఇన్‌స్పెక్షను, రిసెప్షను, ఇన్సూరెన్సు అన్నీ.

ఇక నంబరు సంగతి. ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో నేర్పిన పాఠం అన్ని ఊళ్లకీ పనికొస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ పుట్టిన ఊరే అది. 2014లో చట్టం చేసి, 2015 ఫిబ్రవరి నుంచి హోస్టులు, అంటే ఇల్లు ఇలా అద్దెకిచ్చేవాళ్లందరూ సిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలన్నారు. ఎక్కువమంది చేసుకోలేదు. చేసుకోకపోయినా లిస్టింగు ఉంటుంది, బుకింగులు వస్తాయి, ఇంక వెళ్లి లైనులో నిలబడేదెవరు? సిటీ ఇన్‌స్పెక్టర్లు ఒక్కొక్క ఫొటో చూసి అది ఏ వీధిలో ఏ ఇల్లో కనిపెట్టుకుంటూ కూర్చోవాల్సొచ్చింది. 2016లో రిజిస్ట్రేషన్ లేని ఇళ్లకి బుకింగు తీసుకుంటే వెబ్‌సైటుదే తప్పు అని చట్టం మార్చారు. కంపెనీ తన సొంత ఊరి మీదే కేసు వేసింది, జడ్జి ఆపడానికి ఒప్పుకోలేదు, 2017 మేలో రాజీ కుదిరింది. 2018 జనవరికి గడువు ముగిసేసరికి ఆ ఊళ్లో లిస్టింగులు దాదాపు సగం మాయమయ్యాయి. ఇన్‌స్పెక్టర్లు మూడేళ్లు తిరిగి చేయలేనిది, నంబరు లేనిదే బుకింగు లేదు అన్న ఒక్క షరతు చేసింది.

వెబ్‌సైట్ల వాదన ఒకటుండేది. మేం ప్రకటనలు పెట్టుకునే గోడలాంటివాళ్లం, ఎవరేం రాశారో మాకేం సంబంధం అని. దానికి 1996 నాటి ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 230 చూపించేవారు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా సిటీ కేసులో 2019లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. సిటీ అడుగుతున్నది ప్రకటన తీసేయమని కాదు, పర్మిట్ లేని ఇంటికి బుకింగు పూర్తి చేసి డబ్బు తీసుకోవద్దని, అది వ్యాపార లావాదేవీ అని చెప్పింది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అతి ముఖ్యమైన తీర్పు ఇదే. ప్రతి బుకింగులో వాటా తీసుకునేవాళ్లు ఆ బుకింగు చట్టబద్ధమో కాదో చూసుకోవాలనడంలో అన్యాయం ఏముంది?

న్యూయార్క్ సిటీ ఈ దారినే చివరిదాకా వెళ్లింది. 2022 జనవరిలో వచ్చిన లోకల్ లా 18 ప్రకారం హోస్టు సిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, ఫీజు 145 డాలర్లు. గెస్టులున్నప్పుడు హోస్టు కూడా ఇంట్లో ఉండాలి. గెస్టులు ఇద్దరికి మించకూడదు. లోపలి తలుపులకి తాళాలు వేసి ఇంటిని విడగొట్టకూడదు. వెబ్‌సైటు సిటీ సిస్టంలో నంబరు సరిచూశాకే డబ్బు తీసుకోవాలి. 2023 ఆగస్టులో కంపెనీ వేసిన కేసు కొట్టేశారు, సెప్టెంబరు 5 నుంచి అమలు మొదలైంది. వేల లిస్టింగులు కొద్ది వారాల్లో పోయాయి.

వెన్నెముక మంచిదే, కానీ న్యూయార్క్ ఒకచోట హద్దు దాటిందని నేననుకుంటాను. క్వీన్స్‌లోనో బ్రూక్లిన్‌లోనో టూ ఫ్యామిలీ ఇంట్లో పైన ఓనరు ఉండి, కింద యూనిట్ మొత్తం గెస్టులకిస్తే అది కూడా నేరమే అయింది. ఓనరు అదే యూనిట్‌లో, తలుపులు తీసుకుని ఉండాలట. హైట్స్‌లో మా ఆంటీ వాళ్లు నదికి అవతలుంటే ఆ కింది గదులు మూసుకోవాల్సిందే. నలభై అంతస్తుల టవరుకీ, రెండు కుటుంబాల ఇంటికీ ఒకే కొలబద్ద పెట్టడం తప్పు. ఈ విషయంలో జెర్సీ సిటీ గీసిన గీతే మనిషి బతుకుకి దగ్గరగా ఉంది.

ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఇలాంటి చట్టం వస్తే అద్దెలు తగ్గిపోతాయని చెప్పి ఓట్లడిగేవాళ్లున్నారు. న్యూయార్క్‌లో తగ్గలేదు. 2023 సర్వేలో అక్కడ ఖాళీగా ఉన్న అద్దె ఇళ్లు 1.41 శాతమే, 1968 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. అంత కరువున్నచోట కొన్నివేల ఫ్లాట్లు తిరిగొచ్చినా పైకి కనిపించదు. కొత్త ఇళ్లు కట్టకుండా అద్దె దిగిరాదు. బార్సిలోనా మేయరు జౌమే కోల్‌బోని ఊళ్లోని 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సుల్ని 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని 2024లో ప్రకటించినప్పుడు కూడా చెప్పిన కారణం అద్దెలే. నేనైతే ఆ కారణం మీద ఎక్కువ బరువు వెయ్యను. అద్దె తగ్గకపోయినా ఒక బిల్డింగులో మనుషులు మనుషులకి తెలిసి బతకడానికి ఈ చట్టం కావాలి. ఆ కారణం చాలు. అద్దె ఆశ చూపించి చట్టం తెస్తే, రెండేళ్ల తర్వాత అద్దె తగ్గలేదు చూశారా అని అదే చట్టాన్ని తీసేయమంటారు.

మనవాళ్లకి ఇది ఎక్కడ తగులుతుందంటే పెట్టుబడి దగ్గర. జెర్సీలోనే కాదు, డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలలో ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా రెండో ఇల్లు, మూడో ఇల్లు మాటలే. నెల అద్దెకంటే రోజువారీ అద్దెలో డబుల్ వస్తుందని లెక్కలేసి, ఆ లెక్కమీదే లోను తీసుకున్నవాళ్లున్నారు. వాళ్లని నేను తప్పుపట్టను. వీసా మీద బతికేవాడికి ఉద్యోగం పోతే ఏమిటన్న భయం ఎప్పుడూ ఉంటుంది, ఇంకో ఆదాయం వెతుక్కోవడం సహజం. కానీ ఆ లెక్కలో సిటీ నిబంధన మారితే ఏమవుతుందన్న గడి చాలామంది వెయ్యరు.

జెర్సీ సిటీలో వెయ్యనివాళ్లకి ఏమైందో చూడండి. 2015 నిబంధనలు నమ్మి ఇళ్లు కొన్నాం, లీజులు తీసుకున్నాం, 2019 ఆర్డినెన్సుతో మా ఆస్తి లాక్కున్నట్టయింది అని కొందరు ఇన్వెస్టర్లు ఫెడరల్ కోర్టుకి వెళ్లారు. 2022లో థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు వాళ్ల కేసు నిలబడదంది. ఆ ఇళ్లలో ఉండొచ్చు, ఏడాది లీజుకి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. ఒక రకం వ్యాపారం పోయింది తప్ప ఆస్తి పోలేదు. నా ఇల్లు నా ఇష్టం అనేవాళ్లు ఈ తీర్పు ఒకసారి చదవాలి.

టెక్సాస్‌లో గాలి వేరు. డాలస్ కౌన్సిల్ ఏళ్లపాటు తేల్చకుండా సాగదీసి, 2023 జూన్‌లో ఒక్కసారిగా మామూలు ఇళ్ల కాలనీల్లో రోజువారీ అద్దెలు పూర్తిగా వద్దంది. డిసెంబరులో జడ్జి అమలు ఆపేశారు, అప్పీలు కోర్టు కూడా ఆ స్టేనే నిలబెట్టింది. పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ 2019లోనే వేరేలా చేసింది. స్టేడియాలున్న ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ చుట్టూ ఒక జోన్ గీసి, అక్కడ పర్మిట్ మీద అనుమతించి, అవతల ఇళ్ల కాలనీల్లో వద్దంది. ఆపమని కోర్టుకెళ్తే 2021లో ఫోర్ట్‌వర్త్ అప్పీలు కోర్టు ఆపలేదు. రెండూ ఒకే రాష్ట్రం, ఒకే మెట్రో. ముందుగా, మితంగా చేసిన ఊరి నిబంధన నిలబడింది. వేల ఇళ్లు నడిచేదాకా ఊరుకుని ఒకేసారి గొడ్డలి ఎత్తిన ఊరు కోర్టులో ఇరుక్కుంది. పాపం అక్కడ కాలనీవాళ్లకీ న్యాయం దక్కలేదు, ఓనర్లకీ నిశ్చింత లేదు.

నేను చెప్పే ఓనరు షరతుకి ఒక పెద్ద అడ్డంకి ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో అలాంటి షరతునే 2022లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది. ఇళ్ల ప్రాంతాల్లో లైసెన్స్ కావాలంటే అది ఓనరు సొంత నివాసమై ఉండాలని ఆ ఊరు పెట్టింది. ఇది బయటి రాష్ట్రాల ఓనర్లపై వివక్ష అని కోర్టంది. టెక్సాస్ కూడా ఆ కోర్టు కిందే ఉంది గనక ఇది మనవాళ్లకీ వర్తిస్తుంది. అయితే ఆ తీర్పులోనే ఒక దారి కనిపిస్తుంది. ఓనరే ఉండాలనకుండా, బాధ్యుడైన మనిషి ఎవరో ఒకరు రాత్రిళ్లు ఆ స్థలంలో ఉండాలి అనొచ్చు. నాకు కావలసింది కూడా అసలు అదే. ఓనరు ఏ రాష్ట్రంవాడైనా కానీ, హైదరాబాదులో కూర్చున్నవాడైనా కానీ. రాత్రి రెండింటికి తలుపు తడితే తీసే మనిషి ఉంటే చాలు.

ఇదంతా హోటల్ వాళ్లు డబ్బుపెట్టి నడిపించిందేగా అంటారు కొందరు. డబ్బు పెట్టారు, నిజమే. గదుల ధర పెరిగితే వాళ్లకే లాభం, అదీ నిజమే. కానీ రెండువైపులా డబ్బున్న పోటీలో నాలుగురెట్లు ఎక్కువ ఖర్చుపెట్టినవాళ్లు ఓడిపోయారంటే, ఓటేసినవాళ్లకి తమ బిల్డింగుల్లో ఏం జరుగుతోందో తెలుసని అర్థం.

జెర్సీ సిటీ నిబంధనలో నాకు నచ్చనిది అద్దెకున్నవాళ్లని పూర్తిగా బయటపెట్టడం. డిసెంబరులో మూడు వారాలకి ఇండియా వెళ్లే కుటుంబం, ఆ మూడు వారాలూ అద్దె కడుతూనే ఉంటుంది. అదే సమయంలో ఇంకో కుర్రాడు కొత్త ప్రాజెక్టులో చేరి రెండు వారాలకి టెంపరరీ అకామడేషన్ కావాలని వాట్సాప్ గ్రూపులన్నీ వెతుకుతుంటాడు. ఆగస్టులో చదువుకోడానికి దిగే పిల్లలదీ అదే గోడు. చట్టం ఈ దారి మూసేసరికి ఇదంతా చీకట్లో నడుస్తోంది: కాగితం లేదు, రసీదు లేదు, అడ్వాన్సు తీసుకుని ఫోన్ ఎత్తనివాళ్లున్నారు, ఒక గదిలో ఆరుగురిని పెట్టేవాళ్లున్నారు. బిల్డింగు ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఏడాదికి ముప్పై రాత్రులు దాటకుండా, తను నిజంగా ఉంటున్న ఒక్క ఫ్లాటుకే అద్దెదారుకీ పర్మిట్ ఇవ్వాలి. రెండో ఫ్లాటు అడిగితే ఇవ్వకూడదు. కంపెనీల్ని ఆపడానికి ఆ ఒక్క మాట సరిపోతుంది. నిజమైన అద్దెదారుని ఆపాల్సిన అవసరం లేదు.

అలాగే ఇచ్చిన ప్రతి పర్మిట్ నంబరూ, చిరునామా, బాధ్యుడి ఫోన్ నంబరూ ఆ బిల్డింగులో ఉన్నవాళ్లకి తెలిసేలా కింద నోటీసు బోర్డులో అంటించాలి. ఇప్పుడు గోల జరిగితే సిటీకి ఫోన్ చేసి, వాళ్లు ఎవరినో పంపి, ఆ వచ్చినవాళ్లు ఎవరిని అడగాలో తెలియక తిరిగి వెళ్లడమే జరుగుతోంది. కౌన్సిల్ మీటింగుల్లో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆ ఊళ్లో ఉంటే చాలు. ఓటు లేని మనం అక్కడికి వెళ్లి, మైకు ముందు మన వంతు వచ్చినప్పుడు ఈ రెండు మార్పులూ అడగొచ్చు.